మన ఎండల్లో నిదానంగా ఆరే యాక్రిలిక్ రంగులు ఆయిల్‌కి బదులు నిలబడతాయా?

మీరు అడిగింది ఒక ప్రశ్నలాగే ఉంది గానీ లోపల నాలుగున్నాయి. అనంతపురంలో రెండు గదుల అద్దె ఇల్లు, చంటిబిడ్డ, టర్పెంటైన్ వాసన ఇంట్లో ఎవరికీ పడదు. ఆదివారం బండి మీద గండికోటకో గుత్తికో పోయి ఆయిల్‌తో వేసుకొస్తే, తడి కాన్వాసు ఇల్లు చేరేలోపు అంటుకుని పాడవుతోంది. మామూలు యాక్రిలిక్ తీసుకుపోతే ఆకాశం కలిపేలోపే ఆరిపోయి చారలు కడుతోంది. నిదానంగా ఆరేవని చెప్పి అమ్మే ఖరీదైన యాక్రిలిక్‌లు కొనొచ్చా, సగంలో ఆగిన పాత ఆయిల్ బొమ్మల్ని వాటితో పూర్తి చేయొచ్చా అన్నది మీ సందేహం.

చివరిదానికి ముందు జవాబిస్తాను, ఎందుకంటే అక్కడ తొందరపడితే బొమ్మే పోతుంది. ఆయిల్ మీద యాక్రిలిక్ వేయకండి, నిదానందైనా సరే, మామూలుదైనా సరే. నూనె పొర నీళ్ళ రంగును గట్టిగా పట్టుకోదు. పైగా అడుగున ఉన్న నూనె ఏళ్ళ తరబడి గాలిలోని ఆక్సిజన్ పీలుస్తూ మారుతూనే ఉంటుంది. ఇవాళ బాగానే ఉన్నట్టు కనిపించినా తర్వాత పెచ్చులుగా లేస్తుంది. ఆ పాతవి ఆయిల్‌తోనే ముగించండి. తిరగేసి చేస్తే తప్పులేదు: కింద మామూలు యాక్రిలిక్‌తో పలచగా వేసుకుని, బాగా ఆరాక పైన ఆయిల్ వేయొచ్చు. ఆ అడుగు పొరకి మాత్రం నిదానపు రంగు వాడొద్దు. అది లోపలిదాకా ఆరిందో లేదో పైనుంచి చూసి చెప్పలేం.

ఇక కొనే సంగతి. ముందు మీ ఇబ్బంది వాసనా, తడా అన్నది తేల్చుకోవాలి. చాలామంది ఈ ముక్క ఆలోచించకుండా ఏకంగా పెట్టె మార్చేస్తారు.

వాసన ఒక్కటే సమస్య అయితే ఆయిల్ మానాల్సిన పనేలేదు. విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ళ ఆర్టిసాన్, టాలెన్స్ వాళ్ళ కోబ్రా లాంటివి నీళ్ళతో పలచన చేసుకుని నీళ్ళతోనే కడుక్కునే ఆయిల్ రంగులు. అవి కూడా అక్కర్లేదంటే మామూలు ఆయిల్‌నే టర్పెంటైన్ లేకుండా వేయొచ్చు: కుంచెను అవిసె నూనెలో ముంచి గుడ్డకు తుడిచి, చివర్లో సబ్బుతో కడిగితే చాలు. ఆ గుడ్డల్ని మాత్రం ముద్దగా చుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఉంటే ఆ వేడి బయటికి పోదు, గుడ్డకి దానంతట అదే నిప్పు అంటుకుంటుంది. మే నెలలో మన రేకుల గదుల్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నీళ్ళలో తడిపి, మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.

తడి ఒక్కటే సమస్య అయితే ఆల్కిడ్ రంగులున్నాయి, గ్రిఫిన్ అనే పేరుతో దొరుకుతాయి. ఆయిల్ లాగే ఉంటాయి గానీ పలచటి పొర ఒక రోజులో చేతికి అంటకుండా అవుతుంది. వాసన మాత్రం ఉంటుంది.

మీకు రెండూ ఉన్నాయి కాబట్టి నిదానపు యాక్రిలిక్ మీకు సరైన దారే. కానీ దాన్ని ఆయిల్‌కి నకలు అనుకుని కొంటే నిరాశ పడతారు. నేను చెప్పేది ఇంతే: బొమ్మంతా దానితో వేయకండి. మెత్తగా కలిసిపోవాల్సిన చోట అది, పదునుగా నిలబడాల్సిన చోట మామూలు యాక్రిలిక్. అలా వాడితే డబ్బూ మిగులుతుంది, బొమ్మా బాగుంటుంది.

ఎందుకో చెప్పాలంటే ఇవి ఆరే తీరు కొంచెం తెలియాలి. ఆయిల్‌లో ఆవిరయ్యేది దాదాపు ఏమీ లేదు, నూనె ఆక్సిజన్ తీసుకుని గట్టిపడుతుంది. అందుకే రోజులు పడుతుంది, రంగును బట్టి కూడా మారుతుంది. బర్న్ట్ అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, టైటానియం వైట్ ఆలస్యం చేస్తుంది. యాక్రిలిక్ అట్లా కాదు. నీళ్ళలో తేలే ప్లాస్టిక్ రేణువులు రంగు పొడిని పట్టుకుని ఉంటాయి. నీళ్ళు పోగానే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొర అయిపోతాయి. ఆ పొర మళ్ళీ నీళ్ళలో కరగదు. అంటే మీ ఆకాశం ఆరే వేగాన్ని నిర్ణయించేది గాలి, ఎండ, కాన్వాసు ఎంత పీలుస్తుందన్నది. నీటితో కలిసే యాక్రిలిక్ చిత్రకారుల చేతికి 1950ల మధ్యలో లిక్విటెక్స్‌తో వచ్చింది. అప్పట్నుంచీ ఈ ఫిర్యాదు ఉంది. 2008లో గోల్డెన్ కంపెనీ ఓపెన్ అనే వరుసను తెచ్చింది. అందులో నీళ్ళు పోయినా తొందరగా పోని, తేమను పట్టి ఉంచే పదార్థాలు రంగు తయారీలోనే కలిపి ఉంటాయి. ఆస్ట్రేలియా వాళ్ళ అటెలియర్ ఇంటరాక్టివ్ దారి వేరు: అది మామూలుగానే ఆరుతుంది గానీ, పూర్తిగా గట్టిపడకముందు నీళ్ళు చిలకరిస్తే మళ్ళీ కదులుతుంది. బయట ఎండలో వేసేవాళ్ళకి నేను మొదటి రకమే చెప్తాను. ఒక చేత్తో కుంచె, ఇంకో చేత్తో స్ప్రే సీసా పట్టుకుని గుట్ట మీద నిలబడటం నావల్ల కాదు.

మామూలుదానికంటే పది రెట్ల దాకా ఎక్కువసేపు తడిగా ఉంటుందని ఓపెన్ గురించి చెప్తారు. ఆ కంపెనీ ఉన్నది న్యూయార్క్ రాష్ట్రంలో న్యూ బెర్లిన్ అనే చిన్న ఊళ్ళో. ఏప్రిల్‌లో మన గాలి ఎలా ఉంటుందో ఆ ఊరికి తెలీదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ, అందులోనూ వేసవి నెలల్లో గాలిలో తేమ అన్నదే ఉండదు. పలచగా పూసిన నిదానపు రంగు కూడా మధ్యాహ్నం ఎండగాలికి గంట లోపే జిగట పడుతుంది. జిగట పడ్డాక కెలికితే లేచొస్తుంది, అక్కడ ఆపేయాలి. అయినా మామూలు యాక్రిలిక్ ఇచ్చే నాలుగైదు నిమిషాలతో పోలిస్తే గంట అంటే ఒక ఆకాశం, ఒక దూరపు కొండ, కింద నీళ్ళు హాయిగా కలుపుకోవచ్చు.

ఆ సమయాన్ని పెంచుకునే ఉపాయం రంగులో కంటే కాన్వాసులోనే ఎక్కువ ఉంది. బజారులో దొరికే జెస్సో (తెల్లటి అడుగు పూత) పూసిన కాన్వాసు నీళ్ళు బాగా పీలుస్తుంది. ఇంట్లోనే దాని మీద గ్లాస్ (gloss) మీడియం, అంటే రంగు పొడి లేని మెరుపు యాక్రిలిక్ ద్రవం, ఒక పలచటి పొర పూసి ఆరబెట్టుకుని తీసుకుపోండి. పీల్చడం తగ్గుతుంది, కుంచె జారుతుంది, రంగు ఎక్కువసేపు కదులుతుంది. రెండోది నీడ. కాన్వాసు మీద, పాలెట్ మీద నేరుగా ఎండ పడకూడదు. నల్ల గొడుగు కంటే తెల్ల గొడుగు మంచిది, రంగులు మోసం చేయవు. నీళ్ళు కలిపి పలచన చేయడం తగ్గించండి. ఈ రంగులకు వాళ్ళే అమ్మే థిన్నర్ ఉంది, రెండు చుక్కలు చాలు, అందులో రంగు పొడిని పట్టి ఉంచే బంక ఉండదు కాబట్టి ఎక్కువ పోస్తే రంగు పట్టు తప్పుతుంది.

కాలం కూడా చూసుకోండి. ఆషాఢం గాలుల్లో మీ జిల్లాలో ఈ రంగు బయట వేయొద్దనే చెప్తాను. రామగిరి వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. తడి కాన్వాసు తెరచాపలాగా ఎగరడం ఒక ఎత్తు, ఎర్రదుమ్ము వచ్చి జిగట పొర మీద కూర్చోవడం ఇంకో ఎత్తు. ఆరాక అది రాదు. ఇక కార్తీకంలో తుపాను పట్టి కడప వైపు ముసురు మొదలైతే దీనికి పూర్తి తలకిందులు: పలచటి పొర కూడా రోజుల తరబడి వేలికి అంటుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో మామూలు యాక్రిలిక్కే చాలినంత తీరిక ఇస్తుంది, ఖరీదైనవి పెట్టెలో ఉంచేయండి.

మీకు గండికోట ఇష్టం కాబట్టి దాన్నే పట్టుకుని చెప్తాను. ఆ గోడలు అడ్డంగా పొరలు పొరలుగా పేర్చినట్టుంటాయి, మధ్యలో నిట్టనిలువు చీలికలు. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాతికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరే పెట్టారు. విరిగిన చోట అంచు కత్తిలా ఉంటుంది. ఇలాంటి అంచుని మెత్తగా కలిసే రంగుతో వేస్తే మట్టిదిబ్బ అవుతుంది. నేను చాలా బొమ్మల్లో చూసే లోపం ఇదే, ఆయిల్ వాళ్ళదైనా, ఓపెన్ వాళ్ళదైనా. కాబట్టి పొద్దు వాలకముందే చేరుకుని, ఇంట్లో మామూలు యాక్రిలిక్ బర్న్ట్ సియన్నాతో పలచగా రంగేసి తెచ్చిన కాన్వాసు మీద, మామూలు రంగులతోనే లోయ నీడలు పెట్టేయండి. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియన్నా కలిపితే వచ్చే ఊదా నలుపు సరిపోతుంది, నల్ల ట్యూబు జోలికి పోవద్దు. నీడ పెట్టిన రెండు నిమిషాలకే దాని మీద రాతి అంచులు గీసుకోవచ్చు, కింది రంగు కదలదు. ఇక్కడ మామూలు యాక్రిలిక్ తొందరపాటు మీకు సాయం చేస్తుంది.

గోడలు ఒక కొలిక్కి వచ్చాకే నిదానపు రంగు తీయండి. ఆకాశం పైనుంచి కిందికి. వేసవిలో మన ఆకాశం అడుగున నీలం ఉండదు, వెన్నపూస రంగులో దుమ్ము ఉంటుంది: తెలుపు, ఎల్లో ఓకర్, పిసరంత అల్ట్రామెరీన్. అది కొండ అంచు దాకా వచ్చి ఆగకూడదు, కొండలోకి కాస్త చొరబడాలి. దూరపు కొండను అదే తడిలో వేస్తే ఆ అంచు కరిగిపోయి, కొండ నిజంగానే మైళ్ళ దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. మామూలు యాక్రిలిక్‌తో మీకు దొరకనిది ఈ ఒక్క అంచే. తర్వాత పెన్న నీళ్ళు. గోడ రంగులనే నీటిలోకి నిలువుగా దించి, పొడి కుంచెతో ఒక్కసారి అడ్డంగా లాగండి. ఒక్కసారే. రెండోసారి లాగితే బురద.

వరస మాత్రం తప్పొద్దు: అడుగున త్వరగా ఆరేది, పైన నిదానంగా ఆరేది. ఆయిల్‌లో నూనె తక్కువ పొర మీద నూనె ఎక్కువ పొర వేస్తారే, లెక్క అదే. నిదానపు రంగు తడిగా ఉండగా దాని మీద మామూలు యాక్రిలిక్ దట్టంగా పూస్తే, పైపొర మూసుకుపోయి లోపలి తేమ బయటపడలేదు, మెత్తగా ఉండిపోతుంది.

ఇక ఖర్చు. ఒక దిగుమతి ట్యూబు ధరకి మన కంపెనీ సెట్టే వచ్చేస్తుంది, నిజమే. కాబట్టి సెట్టు కొనొద్దు. మొదట ఒక్క టైటానియం వైట్ నిదానపుది తీసుకోండి, 59 మిల్లీలీటర్ల ట్యూబు. ఆకాశంలో, దూరపు కొండలో, నీళ్ళ మెరుపులో సగానికి పైగా తెలుపే ఉంటుంది. తెలుపు నిదానమైతే మీ దగ్గరున్న మామూలు నీలం, ఓకర్ అందులో కలిపినా మిశ్రమం చెప్పుకోదగ్గంత నిదానిస్తుంది. రెండూ నీటి రంగులే, కలుస్తాయి. మామూలుది పెరిగే కొద్దీ సమయం తగ్గుతుందన్నది గుర్తుంటే చాలు. నచ్చితే తర్వాత అల్ట్రామెరీన్, ఎల్లో ఓకర్. బర్న్ట్ సియన్నా నాలుగోది. మన నేలకి అంతకుమించి అక్కర్లేదు. లేపాక్షి కప్పు మీద గీసినవాళ్ళు కావిరంగు, ఓకర్, నలుపు, తెలుపు, కాస్త ఆకుపచ్చతోనే అంత పని చేశారు.

చవక ట్యూబుల్లో రంగు తక్కువ, నింపుడు సరుకు ఎక్కువ. సుద్ద, బెరైటీస్ లాంటివి కలుపుతారు. బెరైటీస్ అంటే మన ఓబులవారిపల్లె పక్కన మంగంపేటలో తవ్వే ముగ్గురాయే. రాయి మంచిదే గానీ ట్యూబులో దానికి డబ్బు కట్టడం మనకెందుకు? నీడలకీ నేలకీ అలాంటి రంగు పనికొస్తుంది, ఆకాశానికి మాత్రం మంచి తెలుపు కావాలి.

ఇదంతా ఎందుకు, ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ సీసా ఒకటి కొని మామూలు రంగులో కలిపితే పోదా అని మీరు అనుకునే ఉంటారు. పోతుంది, కొంతవరకు. రిటార్డర్‌లో సాధారణంగా ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటి ద్రవం, బంక కాదు. రంగులో 15 శాతం దాటనివ్వకూడదు. ఎండకి భయపడి సగానికి సగం పోసేవాళ్ళని చూశాను. ఆ బొమ్మ నెల తర్వాత ముట్టుకున్నా వేలిముద్ర పడుతుంది. కొలత పాటించే ఓపిక ఉంటే, చిన్న ఆకాశాలకు రిటార్డర్‌తో మొదలుపెట్టి చూడటం తప్పేం కాదు.

దట్టంగా కత్తితో పెట్టే అలవాటు మీకుంటే దాన్ని ఈ రంగుతో మానుకోవాలి. పైన పాల మీగడలా తొడుగు కట్టి లోపల వారాల తరబడి పచ్చిగా ఉంటుంది. ఓర్వకల్లు రాళ్ళ గరుకుతనం లాంటివి కావాలంటే ముందే మామూలు రంగుతోనో, మోడలింగ్ పేస్ట్‌తోనో గరుకు చేసి ఆరబెట్టి, దాని మీద నిదానపు రంగును పలచగా రుద్దండి. గుంటల్లోకి దిగిన రంగును గుడ్డతో తుడుచుకునే సమయం దొరుకుతుంది, అక్కడ ఇది ఆయిల్‌తో సమానంగా పనిచేస్తుంది.

రంగు ఆరాక కొంచెం ముదురుతుంది. తడిలో బంక పాలలా తెల్లగా ఉండి, ఆరితే పారదర్శకమవుతుంది కాబట్టి. మర్నాడు ఇంట్లో ఆకాశానికి మరమ్మతు చేయాలంటే కంటికి సరిపోయిన రంగు కాకుండా ఒక పిసరు లేతగా కలిపి, చిత్తు కాగితం మీద పూసి ఆరబెట్టి, బొమ్మ పక్కన పెట్టి చూసి అప్పుడు వేయండి.

బండి మీద తెచ్చుకోవడం గురించి. నిదానపు రంగు వేసిన కాన్వాసు కూడా సాయంత్రానికి పూర్తిగా ఆరదు, ఆయిల్ అంత తడిగా మాత్రం ఉండదు. నాలుగు మూలలా కార్క్ ముక్కలో అట్టముక్కలో పెట్టి రెండు కాన్వాసులు ఎదురెదురుగా కట్టుకోండి, ముఖాలు తగలకుండా. ఈ జాగ్రత్త ఇంటికొచ్చాక కూడా ఉండాలి. యాక్రిలిక్ పొర వేడికి మెత్తబడుతుంది. వేసవిలో మిద్దె గదిలో బొమ్మలు ఒకదానికొకటి ఆనించి పెడితే, ఏనాడో ఆరినవి కూడా అతుక్కుని విడదీస్తే రంగు ఊడుతుంది. పాలెట్ మీద మిగిలిన నిదానపు రంగును గాలి చొరని మూత డబ్బాలో పెడితే వచ్చే ఆదివారానికి కూడా వాడుకోవచ్చు, ఖరీదులో కొంత ఇక్కడ తిరిగొస్తుంది.

పంది వెంట్రుక కుంచెలు నీళ్ళకి ఉబ్బి మెత్తబడతాయి, సింథటిక్ తీసుకోండి. కుంచెలు కడిగిన నీళ్ళు సింకులో గానీ, అక్కడి పెన్నలో గానీ పారబోయొద్దు. బకెట్‌లో ఒక రాత్రి ఉంచితే అడుగున పేరుతుంది, పైనీళ్ళు వంచి, మడ్డిని కాగితం మీద ఆరబెట్టి చెత్తలో వేయండి.

కొనేవాళ్ళు యాక్రిలిక్ అంటే చిన్నచూపు చూస్తారని రాశారు. చూసేవాళ్ళుంటారు. డేవిడ్ హాక్నీ 1960లలో కాలిఫోర్నియా ఎండను యాక్రిలిక్‌తోనే వేశాడని చెప్పి చూడండి, వినకపోతే బొమ్మ వెనక రంగు పేరు రాసి ఊరుకోండి. తేదీ కూడా రాయండి, దాంతో పని ఉంది: నిదానపు రంగుతో వేసిన పలచటి బొమ్మకి వార్నిష్ పూయాలంటే కనీసం 30 రోజులు ఆగాలి. ఆయిల్‌కి ఆరు నెలల నుంచి ఏడాది ఆగేవాళ్ళం కాబట్టి ఇది పెద్ద ఎదురుచూపు కాదు. ముసురు పట్టిన నెలలైతే ఇంకో రెండు వారాలు కలుపుకోండి, మూలన వేలు ఆనించి అంటకపోతే అప్పుడు పూయండి.